ఇంజన్లో ఇద్దరే

నాకు మొదటిసారి భయం వేసింది క్యారియర్ మూత తీసినప్పుడు.

మా ఆయన డ్యూటీ దిగి వచ్చి, సంచి వంటింటి గట్టు మీద పెట్టి స్నానానికి వెళ్లారు. ఎప్పటిలాగే నేను క్యారియర్ బయటికి తీసి, ముక్కు కాస్త పక్కకి తిప్పుకుని క్లిప్పులు ఊడదీశాను. ఆయనకి ఉద్యోగం వచ్చినప్పటి నుంచీ ఆ క్యారియర్ ఇంటికి ఒకే తీరులో తిరిగొస్తుంది. అడుగు గిన్నెలో అట్టకట్టిన పప్పు, మధ్య గిన్నెలో నూనె పేరుకున్న కూర, పై గిన్నె అంచు చుట్టూ ఎండిన పెరుగు. గోంగూర పెట్టిన రోజైతే రాత్రంతా నానబెట్టాల్సిందే. ఆ రోజు మూడు గిన్నెలూ కడిగి ఉన్నాయి. ఊరికే నీళ్లు పోసి తొలిచినట్టు కాదు. తోమి, తుడిచి, ఆరబెట్టి, వరసగా పేర్చి ఉన్నాయి. మూత లోపలి రబ్బరు చుట్టును కూడా ఊడదీసి కడిగి మళ్లీ బిగించారు. ఆ రబ్బరు ఊడుతుందన్న సంగతి మా ఆయనకి తెలుసని నేను అనుకోను.

గిన్నె ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నిమ్మ వాసన. మా ఇంట్లో వాడే సబ్బు కాదు.

సింకు ముందు ఖాళీ చేతులతో నిలబడిపోయాను. తోమే పని తప్పినందుకు సంతోషించాల్సింది పోయి, మూడు గిన్నెలూ ఒక్కొక్కటే మళ్లీ వాసన చూశాను.

మా ఆయన రైలు నడుపుతారు. ఇప్పుడు లోకో పైలట్ అంటున్నారు గానీ మా అత్తయ్యకి కొడుకు డ్రైవరే, చనిపోయిన మావయ్య గారూ డ్రైవరే. గుంటూరు పక్కన నల్లపాడులో, పట్టాలకి రెండు వీధుల ఇవతల మా ఇల్లు. అందులో నేను, ఆయన, అత్తయ్య, ఐదో క్లాసు చదివే పాప, ఒకటో క్లాసు చదివే బాబు ఉంటాం.

మొన్నమొన్నటి దాకా ఆయన గూడ్సు బండ్ల మీద ఉండేవారు. గూడ్సు వాళ్లకి వేళాపాళా ఉండదు. సిమెంటు, బొగ్గు, బియ్యం, సీజన్లో మిర్చి బస్తాలు, ఏది ఎప్పుడు లోడైతే అప్పుడు బండి. బండి ఎప్పుడైతే అప్పుడు ఫోను. కలిపిన ముద్ద కంచంలోనే వదిలి చెయ్యి కడుక్కున్న రోజులున్నాయి. మళ్లీ ఎప్పుడొస్తారంటే ఆయనకే తెలియదు. పిల్లలు అడిగితే "వస్తారు" అనేదాన్ని. అంతకు మించి చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. ఫోను మోగితే వెళ్లిపోతారేమోనని భయం, వెళ్లాక ఫోను మోగకపోతే ఏమయిందోనని భయం.

ఈ మధ్యే ఆయన ప్యాసింజరు బండ్లకి మారారు. లింకు దొరికింది. ఏ రోజు ఏ బండి, ఏ రాత్రి ఎక్కడ పడక, ఏ రోజు ఇంటిపట్టున ఉండొచ్చు అని ముందే వరస కట్టి పెడతారు, దాన్ని రైల్వేలో లింకు అంటారు. మా ఆయనది నంద్యాల లింకు. ఇక్కణ్ణించి బండి తీసుకెళ్లి, ఆ రాత్రి నంద్యాలలో, బండి సిబ్బంది పడుకునే రన్నింగ్ రూములో పడుకుని, మర్నాడు ఇంకో బండి తీసుకొస్తారు. మా పాప ఆ వరసంతా రంగు పెన్సిళ్లతో గళ్లు గీసి ఫ్రిజ్ తలుపుకి అతికించింది. వెళ్లే రోజు ఎరుపు, ఇంట్లో ఉండే రోజు ఆకుపచ్చ. నాన్న ఎప్పుడొస్తారో చెప్పగలగడం ఇంత సుఖంగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ సుఖంలో ఉండగా వచ్చింది, కడిగిన క్యారియర్.

ఆయన తల తుడుచుకుంటూ బయటికొస్తే అడిగాను. "క్యారియర్ ఎవరు కడిగారు?"

"నేనే."

"మీరా?"

"ఏం, నాకు చేతుల్లేవా? మా అసిస్టెంట్ చెప్పింది. ఎండిపోతే ఇంట్లో మేడమ్‌కి తోమడం కష్టం సార్, తిన్న వెంటనే అయితే ఒక్క నిమిషం పని, అంది. సబ్బు కూడా తనే ఇచ్చింది."

"చెప్పిందా?"

"ఆఁ, అమ్మాయేగా. కొత్తగా వేశారు నాతో." టవల్ కుర్చీ మీద పడేసి ఆయన వెళ్లిపోయారు. ఆ మాట అలా అనేసి వెళ్లిపోవచ్చని అనుకున్నారు.

ఆ అమ్మాయే స్వయంగా కడిగి ఉంటే నాకు ఇంత మంట ఉండేది కాదు. ఆయన కడిగారు. నేను ఇన్నేళ్లు బతిమాలి, విసుక్కుని, ఒకసారి ఆ గిన్నెలు ఆయన ముందే నేలకేసి కొట్టి చెప్పిన మాట అది. ఆవిడ ఒక్కసారి చెబితే చేశారు.

అప్పటి నుంచి నాకు ఇంజన్ లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలన్న ఆరాటం మొదలైంది. నేరుగా అడగలేక పిల్లల చేత అడిగించాను. ఆయన ఆ రోజు మంచి హుషారులో ఉన్నారు. అన్నం తింటూనే బాబుని పక్క కుర్చీలో కూర్చోబెట్టి నేర్పించారు. "నువ్వు అసిస్టెంటువి. దూరంగా సిగ్నల్ కనపడగానే చెయ్యి చాపి, ఏ రంగుందో గట్టిగా చెప్పాలి. నేను కూడా చూసి, అదే మాట మళ్లీ అనాలి. నువ్వు చెప్పేదాకా నేను ఊరుకోకూడదు, నేను అనేదాకా నువ్వు వదలకూడదు."

"గ్రీన్!" అన్నాడు బాబు పెరుగు గిన్నె వైపు చెయ్యి చాపి.

"గ్రీన్" అన్నారు ఆయన.

"నంద్యాల దాకా ఇట్టాగేనా నాన్నా?"

"నంద్యాల దాకా ఇట్టాగే. అడవిలో కూడా, వానలో కూడా."

నేను మజ్జిగ పోస్తూ విన్నాను. మా ఇంట్లో నేను "పాలు విరిగిపోయాయండీ" అంటే ఆయన "ఊఁ" అంటారు. "బాబుకి జ్వరంగా ఉన్నట్టుంది" అంటే "ఊఁ" అంటారు, తర్వాత ఎప్పుడో "నాకు చెప్పలేదేం?" అంటారు. అక్కడ ఆ అమ్మాయి నోట్లోంచి వచ్చిన ప్రతి మాటనీ ఈయన విని, చూసి, మళ్లీ అనాలి. అది రూలు. ఇక్కడి నుంచి నల్లమల దాటేదాకా ఆవిడ అంటూనే ఉంటుంది, ఈయన వింటూనే ఉంటారు. ఒక మగవాడు ఒక ఆడదాని మాట ఇంత శ్రద్ధగా వినే చోటు భూమ్మీద ఇంకోటి ఉందా? ఉంటే నేను చూడలేదు.

ఆ వారం అత్తయ్యా నేనూ మిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చున్నాం. ఏడాదికి సరిపడా కారం మేం మిర్చి యార్డులో కొన్న కాయతోనే ఆడిస్తాం. వేళ్లు మండుతున్నా పైకి చెప్పకూడదు, ఆవిడ ముందు అస్సలు చెప్పకూడదు. మాటల్లో పెట్టి అడిగాను. "అత్తయ్యా, అప్పట్లో ఇంజన్లో ఎంతమంది ఉండేవాళ్లు?"

"ముగ్గురు. మీ మావయ్య, ఇద్దరు ఫైర్‌మన్లు. ఒకడు బొగ్గు పగలగొట్టి అందించేవాడు, ఇంకోడు పొయ్యిలోకి ఎగదోసేవాడు. మీటరు గేజి రోజులు కదా, అన్నీ చిన్న బండ్లే. దొనకొండ క్వార్టర్లో ఉండేవాళ్లం. ముగ్గురూ కలిసి నడిచొస్తుంటే అందులో మొగుడెవడో నవ్వితే గానీ తెలిసేది కాదు. అంత మసి."

"మీకెప్పుడూ అనుమానం రాలేదా?"

"ఎవరి మీదా? ఆ మసి మొహాల మీదా?" ఆవిడ తొడిమ విసిరేసి పకపకా నవ్వింది. "నా కుళ్లంతా ఇంజన్ మీదే అమ్మాయ్. మిల్లులోంచి దూది తెచ్చుకుని దాన్ని తుడిచేవాడు, మెరిసేదాకా తుడిచేవాడు. దానికి పెట్టిన నూనెలో పదో వంతు నా తలకి పెట్టుంటే నా జుట్టు ఇట్టా ఊడేదా?"

తర్వాత ఆవిడ చెప్పుకుంటూ పోయింది. పెద్ద లైను వేస్తామని చిన్న పట్టాలు పీకేసిన కాలంలో ఈ దారిన బండ్లే లేకుండా పోయాయట. పత్తి బేళ్లూ, పుగాకూ, జనమూ అన్నీ లారీలూ బస్సులూ ఎక్కాయట. మావయ్య గారిని డీజిలు నేర్చుకోమని ఎక్కడికో పంపారు. తిరిగొచ్చేసరికి పట్టాలు వెడల్పయ్యాయి, బండ్లు పొడుగయ్యాయి, ఇంజన్లో పొయ్యి పోయింది, పొయ్యితో పాటు ఒక మనిషి పోయాడు. మిగిలిన ఫైర్‌మన్‌కి పేరు మార్చి అసిస్టెంటు అన్నారు. ఇప్పుడు డీజిలు కూడా పోయింది. పైన కరెంటు తీగలు వచ్చాయి, పక్కన రెండో లైను వేస్తున్నారు, రైలు మొహం చూడని ఊళ్ల మీదుగా కొత్త లైన్లు పోతున్నాయి.

నేను పరీక్షలకి చదివిన రైల్వే చరిత్ర వేరు. మొదటి బండి ఎక్కడి నుంచి ఎక్కడికి నడిచింది, ఏ గేజి ఎంత వెడల్పు, ఎన్ని జోన్లు, ఏ జోనుకి ఏ ఊరు కేంద్రం, అన్నీ బట్టీ పట్టాను. ఆ పుస్తకాల్లో రైల్వే పెరగడమే ఉంటుంది. అత్తయ్య చెబుతుంటే నాకు ఒక్కటే వినపడింది. రైల్వే పెరిగినకొద్దీ ఇంజన్లో మనుషులు తగ్గారు. ముగ్గురు ఇద్దరయ్యారు. ముగ్గురున్న చోట ఏ పెళ్లానికీ భయం లేదు. ఇద్దరే మిగిలాక, ఆ ఇద్దరిలో ఒకరు ఆడపిల్ల అయ్యాక, ఇంత పెద్ద రైల్వే వచ్చి నా వంటింట్లో కూర్చున్నట్టయింది.

పరీక్షలకి చదివాను అన్నాను కదా, అది కూడా చెప్పాలి. నేను ఎలక్ట్రికల్‌లో బీటెక్ చేశాను. మా ఆయన డిప్లొమా. పెళ్లయిన కొత్తలో ఇద్దరం ఒకే గదిలో, ఒకే పుస్తకం మధ్యలో పెట్టుకుని, ఈ ఉద్యోగానికే చదివాం. మోటార్లూ ట్రాన్స్‌ఫార్మర్లూ ఆయనకి నేనే చెప్పాను. రాత పరీక్షలు ఇద్దరం దాటాం. చివరిది ఒకటుంటుంది, మనిషి కంటినీ, చురుకునీ, నిదానాన్నీ పరీక్షించేది. దానికి పిలుపు వచ్చేసరికి నాకు పాపతో నెలలు నిండాయి. డాక్టరమ్మ ప్రయాణం వద్దంది. ఆయన వెళ్లి రాసి వచ్చారు. "మళ్లీ వస్తుందిలే నోటిఫికేషను" అని అందరూ అన్నారు, నేను కూడా అన్నాను. అది వచ్చేటప్పటికి బాబు చంకలో ఉన్నాడు.

కాబట్టి ఆ పక్క సీటు నాకు తెలియని చోటు కాదు. పగలంతా నిలబడి గిన్నెలు తోముతూ కూడా నేను దానిలో చాలాసార్లు కూర్చున్నాను.

ఆ అమ్మాయిది దర్శి దగ్గర పల్లె. తండ్రిది మిర్చీ పుగాకూ వ్యవసాయం. ఇవన్నీ ఆయనే చెప్పారు, నేను అడక్కుండానే, మధ్యలో నవ్వుకుంటూ. "మా ఊరికి రైలు రాకముందే నేను రైలు దగ్గరికి వచ్చేశాను సార్, అంటుంది." ఆ మాటకి ఆయన మళ్లీ నవ్వారు. నేను నరసరావుపేట పక్కన పుట్టినదాన్ని. రైలు కూత విని టైము చెప్పే ఇంట్లో పెరిగాను. దర్శి వాళ్లకి మొన్నటిదాకా రైలంటే బస్సెక్కి వెళ్లి చూసి రావాల్సిన వస్తువు. ఆ పిల్ల ఇంజన్లో ఉంది, నేను ఫ్రిజ్ తలుపు మీద గళ్లు చూసుకుంటున్నాను.

ఆవిణ్ణి చూసింది నరసరావుపేట స్టేషన్లో. పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్లి తిరిగొస్తున్నాం. మేం ఎక్కాల్సిన బండి ఇంకా రాలేదు. అవతలి ప్లాట్‌ఫారం మీదకి ఆయన బండి వస్తుందని ఫ్రిజ్ మీది గడి ప్రకారం నాకు తెలుసు, పిల్లలకీ తెలుసు. చివర ఇంజన్ ఆగే చోటికి ఎదురుగా వెళ్లి నిలబడ్డాం. బండి వచ్చి ఆగింది. కిటికీలో ఆయన కనపడ్డారు. పిల్లలు ఎగిరెగిరి చేతులూపారు. ఆయన ఒకసారి ఇటు చూసి నవ్వి, వెంటనే తల ముందుకి తిప్పేశారు. అప్పుడు లేచింది ఒక చెయ్యి, ఆయన పక్క నుంచి, తిన్నగా, బండి బయల్దేరమనే సిగ్నల్ వైపు వేలు చాపి. సన్నటి చెయ్యి. నీలం చొక్కా, మోచేతి దాకా మడిచి ఉంది. వెనక్కి లాగి కట్టిన జుట్టు. ఆయన కంటే వయసులో బాగా చిన్నది. పట్టుమని పాతికేళ్లు ఉంటాయేమో.

"స్టార్టర్ గ్రీన్!" ఆ గొంతు ఇక్కడిదాకా వినపడింది. పొలంలో అవతలి గట్టు వాళ్లని పిలిచే గొంతు.

"స్టార్టర్ గ్రీన్" అన్నారు మా ఆయన.

కూత వేసి బండి కదిలింది. పిల్లలు ఇంకా చేతులూపుతూనే ఉన్నారు. ఆయన మళ్లీ ఇటు చూడలేదు. చూడకూడదని నాకు తెలుసు. బండి కదిలేటప్పుడు ముందుకే చూడాలి. నేనైనా అంతే చేసేదాన్ని. అన్నీ తెలిసే నేను ఆ ప్లాట్‌ఫారం మీద నిలబడి, ఆ అమ్మాయి చెయ్యి విరగ్గొట్టాలన్నంత కోపంతో ఉన్నాను. పైగా ఆ చెయ్యి ఎంత బాగా చాపింది! ఒక్క వంకర లేదు.

ఇంటికొచ్చాక అమ్మ ఫోన్ చేసింది, క్షేమంగా చేరారా అని. "ఏంటే గొంతు అట్టా ఉంది?" అంది. నేను ఏడుపు ఆపుకుంటూ ఒక్క ముక్కే అన్నాను. "ఆయనకి లింకు దొరికిందమ్మా. అందులో ఒక అమ్మాయి ఉంది." అమ్మ ఇంకేదో అడిగేలోపే ఫోన్ పెట్టేశాను.

మా అమ్మకి రైల్వే తెలియదు. పత్తీ మిరపా తెలుసు. లింకు అనే మాట కూడా తెలుసు, ఊరందరికీ తెలిసిన అర్థంలో. ఫలానా ఆయనకి ఫలానా ఆవిడతో లింకుంది అంటారే, ఆ అర్థంలో.

ఒక్క రోజు ఆగి, ఆ మర్నాడు పొద్దున బండికే దిగింది. ఆ రోజు ఆకుపచ్చ గడి, ఆయన ఇంట్లోనే ఉన్నారు. ముందు గదిలో బాబుకి ఎక్కాలు చెబుతున్నారు. అమ్మ చేతిలోని సంచి గుమ్మంలోనే వదిలేసి, చెప్పులు కూడా విప్పకుండా ఎదురుగా నిలబడింది.

"ఏం బాబూ, లింకు దొరికిందంటగా?"

ఆయన మొహం వెలిగిపోయింది. మా వైపు నుంచి ఈ సంగతి అడిగినవాళ్లు అప్పటిదాకా ఎవరూ లేరు మరి. "అవునత్తయ్యా! రండి, కూర్చోండి. చాలా మంచి లింకు. దీనికోసం ఎంతమంది కాచుక్కూర్చున్నారో! అదృష్టం కొద్దీ నాకు పడింది."

"అదృష్టమా?"

"మరి? ఇన్నేళ్లూ గూడ్సుతో చచ్చాను. ఇప్పుడు కొన్ని రాత్రులు నంద్యాల్లో హాయిగా పడుకుంటాను, మిగతా రాత్రులు ఇక్కడ. అక్కడా ఇబ్బంది లేదు, ఇక్కడా ఇబ్బంది లేదు."

అమ్మ గోడ పట్టుకుంది. "మా పిల్లకి తెలుసా ఇదంతా?"

"తెలియకపోవడమేంటి, ముందు సంతోషపడిందే తను. మన పాప చూడండి, ఏ రోజు అక్కడో ఏ రోజు ఇక్కడో రంగులేసి ఫ్రిజ్‌కి అతికించింది."

"పసిదాని చేత!" అమ్మ గొంతు వీధిలోకి వెళ్లింది. ఆ గొంతులో బాబు అన్న మర్యాద కూడా పోయింది. "ఇంకా ఎన్నాళ్లు ఉంచుకుంటావయ్యా దాన్ని?"

"వదిలితే ఇంకోడు ఎగరేసుకుపోతాడు కదత్తయ్యా" అన్నారు ఆయన అమాయకంగా. "నా వెనకాల వరసలో ఉన్నారు."

వంటింట్లోంచి అత్తయ్య వచ్చింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటోంది. "వదినగారూ, ముందు మీరు కూర్చోండి. మంచినీళ్లు తాగండి. మీ అల్లుడు చెప్పేది బండ్ల సంగతి. ఏ బండి తర్వాత ఏ బండి అనే వరసని వీళ్లు లింకంటారు. మా ఆయన రోజుల్లోనూ అదే మాట. నేనూ కాపురానికొచ్చిన కొత్తలో ఇట్టాగే ఏడ్చా."

అమ్మ కూర్చుంది. నీళ్లు తాగింది. ఆయనకి అప్పటికి అర్థమై, చెవులదాకా ఎర్రబడి, ఆయనా నవ్వడం మొదలుపెట్టారు. అక్కడితో అయిపోయేదే. మా అమ్మ ఊరుకోలేదు.

"సరే, బండ్లే అనుకో వదినా. మరి అమ్మాయెవరు? లింకులో అమ్మాయి ఉందని ఫోన్లో ఏడ్చిందే ఇది!"

నవ్వులు ఆగిపోయాయి. ఆయన నా వైపు చూశారు.

సాయంత్రం అమ్మని బండి ఎక్కించి వచ్చాక, డాబా మీద ఆరిన బట్టలు తీస్తుంటే నా వెనకే వచ్చారు. "క్యారియర్ కడిగినందుకా?"

"కాదు."

"మరి నేనేం చేశాను?"

మీరు ఆవిడ మాట తిరిగి అంటున్నారు అని ఎలా చెప్పను? అది ఆయన ఉద్యోగం. ఆ మాట తిరిగి అనని రోజున బండిలో వాళ్లందరి ప్రాణం మీదకి వస్తుంది. ఆయనతో నేను అన్నది ఇదీ. "ఆవిణ్ణి ఇంకెవరితోనైనా వెయ్యమని అడగండి."

ఆయన తీగ మీది దుప్పటి తీసి మడతపెట్టారు. "అది మాత్రం అడగను. ఒక పైలట్ ఆ అమ్మాయిని వద్దన్నాడంటే, రెండోవాడు ఎందుకో అని అడుగుతాడు. మూడోవాడు అడగకుండానే కథ కట్టేస్తాడు. పనిలో ఆ అమ్మాయికి వంక పెట్టడానికి లేదు. నీకంత కష్టంగా ఉంటే నేనే లింకు వదిలేస్తాను. మళ్లీ గూడ్సు అడుక్కుంటాను. రేపు డ్యూటీ ఎక్కి సంతకం పెట్టేలోపు చెప్పు."

ఆవిడ పేరు పాడవకూడదని ఈయన గూడ్సుకి పోతానంటున్నారు. అందుకూ నాకు కుళ్లొచ్చింది.

కిందికి వచ్చి అత్తయ్య పక్కన కూర్చుని చెప్పుకున్నాను. లింకు వదిలితే ఏమవుతుందో నాకు తెలుసు. ఫ్రిజ్ మీది కాగితం చింపెయ్యాలి. మళ్లీ ఎప్పుడు పడితే అప్పుడు ఫోను, మళ్లీ "వస్తారు" అనే ఒక్క మాట. నా ఒక్కదాని మంట చల్లారడానికి పిల్లలిద్దరి నాన్నని గూడ్సు బండికి అప్పజెప్పాలి. వదలకపోతే ఈ మంట ఇలాగే ఉంటుంది. ఇంకొకటి కూడా ఉంది, అది అత్తయ్యతో అనలేదు. ఆ సీటు అందకుండా పోవడం ఎలా ఉంటుందో ఈ ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలియదు. నా మూలాన ఆ పిల్లకి దాని మీద కుదురుగా కూర్చునే వీలు లేకుండా పోతుందంటే, ఎంత కోపంలోనూ నా చెయ్యి ముందుకి రాలేదు.

అత్తయ్య అంతా విన్నట్టే తలూపింది. "కొత్త ఫైర్‌మన్ వస్తే మొదటి నెలలోనే ఇంటికి పిలిచి ఒక పూట అన్నం పెట్టేదాన్ని అమ్మాయ్. మీ మావయ్య ప్రాణం వాడి చేతుల్లో కూడా ఉంటుంది కదా. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి చూడాలి. వీడు ఆ పద్ధతులన్నీ మానేశాడు. పిలువు ఆ పిల్లని."

"నేనా?"

"మరి నేనా? నీ మొగుడి అసిస్టెంటు."

ఆయన దగ్గర నంబరు తీసుకున్నాను. లింకు వదలొద్దని అప్పుడే చెప్పేశాను, మొహం చూడకుండా. ఆయన "వదలొద్దు" అని నా మాటే తిరిగి అన్నారు. అలవాటులో అన్నారో, కావాలని అన్నారో తెలియదు. పిల్లలు పక్కనే హోంవర్కు చేసుకుంటున్నారు. ఫోన్ స్పీకర్లో పెట్టాను, రహస్యమేమీ లేదని అందరికీ తెలియాలని.

"ఆదివారం మా ఇంటికి భోజనానికి రావాలమ్మా" అన్నాను. నా గొంతు నాకే పరాయిగా ఉంది.

"నిజంగానా మేడమ్? రన్నింగ్ రూము తిండి తిని తిని నాలుక చచ్చిపోయింది. సార్ మీ గోంగూర గురించి ఎంత చెబుతారో! తప్పకుండా వస్తానక్కా."

మేడమ్ అని మొదలుపెట్టి అక్కా అని ముగించింది. మంచి పిల్లే. అందులో సందేహం లేదు. కానీ ఆ అక్కా అన్న మాట ఫోన్ పెట్టేశాక కూడా నన్ను పొడుస్తూనే ఉంది. ఆయన గోంగూర గురించి ఇంట్లో ఎప్పుడైనా ఒక్క మంచి మాట అన్నారా అని కూడా ఆలోచించాను.

పొద్దున పాపకి జడ వేస్తూ, బాబుకి బూట్లు అందిస్తూ పిల్లలకి చెప్పాను. "నాన్న లింకు మారదు. ఆదివారం నాన్నతో ఇంజన్లో ఉండే ఆవిడ మనింటికి వస్తోంది. అల్లరి చెయ్యకండి."

"రాత్రి ఫోన్లో నిన్ను అక్కా అంది కదమ్మా" అంది పాప. "అయితే మాకు పిన్ని అవుతుందా?"

జడ గట్టిగా బిగించాను. పాప అబ్బా అంది.

"పిన్నీ గిన్నీ కాదు. అత్త. మీ నాన్నకి చెల్లెలి వరస. గుమ్మంలోకి రాగానే ఇద్దరూ గట్టిగా, నాన్నకి వినపడేలా, అత్తా అని పిలవండి."